బరువు దింపిన నేట్ సెయింట్

గౌలిగూడలో బస్సులు నిలిచిన పెద్ద ఇనుప కప్పు మొదట విమానముల కొరకు కట్టబడినది. 2018లో అది కూలెను. అట్టి విమానమునే సువార్త సేవకు వినియోగించిన నేట్ సెయింట్ 1923లో అమెరికాలో జన్మించెను. 1948 నుండి ఈక్వడార్ అడవులలోని మిషనెరీలకు మందులు, ఆహారము చిన్న విమానములో చేరవేసెను.

1956 జనవరి 3న కురారాయ్ నది ఇసుకతిన్నెపై దిగెను. చోటు కురచ, ఇసుక మెత్తన. బరువెక్కువైన విమానము వేగమందుకొనకముందే తిన్నె ముగియును. కావున మొదట ఒక్క స్నేహితుని దింపి, ఖాళీగా లేచి, మిగిలినవారిని తరువాత తెచ్చెను. జనవరి 8న వావొరాని జనుల ఈటెలకు ఐదుగురును అక్కడ ప్రాణములర్పించిరి.

1958లో అతని అక్క రాహేలు పగ పట్టక ఆ జనుల మధ్యనే నివసింపబోయెను. చంపినవారిలో కొందరు క్రీస్తును నమ్మిరి.

ప్రియులారా, పగ అను బరువుతో ఎవడును పైకి లేవలేడు. హెబ్రీ. 12:1 చదివి, దింపవలసినది నేడే దింపుదము.