భక్తుడైన కంచరి: జాన్ బన్యన్ చరిత్రము

తెలుగున యాత్రికుని ప్రయాణము అను పేర వెలసిన గ్రంథమును చదివినవారు మన గ్రంథాలయ చందాదారులలో కొందరైనను ఉందురు. వీపున పాపభారమను మూటతో నాశనపురమును వీడి దివ్యనగరమునకు నడచిపోయిన యొక బాటసారి కథ యది. రెండువందలకు పైగా భాషలలోనికి అది పరివర్తనము చేయబడినది. దానిని రచించిన జాన్ బన్యన్ పండితుడు కాడు. కళాశాల గడప త్రొక్కినవాడు కాడు. ఊరూర తిరిగి చిల్లిపడిన బిందెలకును గిన్నెలకును మాట్లు వేసి పొట్ట పోసికొన్న కంచరి. ఆయన పండ్రెండేండ్లు చెరసాలలో నుండెను. ఆ చెర తాళపుచెవి ఒకవిధముగా ఆయన నోటనే యుండెను. ఇకపై బోధింపనని ఒక్క మాట యిచ్చినచో ఆనాడే యింటికి పోవచ్చును. ఆ మాట ఆయన ఈయలేదు.

ఇంగ్లండు దేశమున బెడ్‌ఫర్డ్ పట్టణపు చేరువను ఎల్‌స్టో అను పల్లె కలదు. 1628వ సంవత్సరము నవంబరు 30వ తేదీన అచటి దేవాలయమున ఆయనకు బాప్తిస్మ మీయబడెను. తండ్రి థామస్ బన్యన్‌ది కంచరి వృత్తియే. బీదవాడయ్యును కుమారుని కొన్నాళ్ళు బడికి పంపి చదువుట వ్రాయుట నేర్పించెను. 1644లో ఆ యింట వరుసగా పిడుగులు పడెను. జూన్ నెలలో తల్లి, మరునెలలో చెల్లెలు మరణించిరి. కొలది వారములకే తండ్రి మారు మనువాడెను. ఆ యేడే పదునారేండ్ల ప్రాయమున బన్యన్ సైన్యమున చేరెను. అప్పుడు రాజునకును పార్లమెంటునకును యుద్ధము జరుగుచుండెను. ఈతడు పార్లమెంటు పక్షపు దండున న్యూపోర్ట్ పాగ్నెల్ అను ఊర నుండెను. ఒక ముట్టడికి ఈతని నియమింపగా, వేరొక సైనికుడు తాను పోయెదనని ఆ వంతు తీసికొని పోయి, తలకు తుపాకిగుండు తగిలి చనిపోయెను. తన చావు ఇంకొకడు చచ్చెనను తలపు బన్యన్‌ను జీవితాంతము విడువలేదు.

1647లో ఇల్లు చేరి కులవృత్తి చేపట్టెను. ఆ యేటి సంవత్సరమును తన పేరును చెక్కియున్న ఆయన దాగలి నేటికిని నిలిచియున్నది. దాదాపు అరువది పౌనుల బరువు గల ఆ యినుమును వీపున మోసికొని గ్రామగ్రామము తిరిగెడివాడు. బాటసారి వీపున మూట మోపిన కవి అట్టి బరువు ఎరుగనివాడు కాడు.

1649 ప్రాంతమున వివాహమాడెను. పళ్ళెము గాని చెంచా గాని లేని కాపురము. భార్య పుట్టినింటినుండి తెచ్చిన అరణము రెండు భక్తి గ్రంథములు మాత్రమే. వానిని చదువుచు దేవాలయమునకు పోసాగెనే గాని పాతనడత మానలేదు. ఒక ఆదివారమున పచ్చికబయలున, మన పిల్లలు బిళ్ళంగోడు అనునట్టి ఆటయే ఆడుచు, బిళ్ళను ఒక దెబ్బ కొట్టి రెండవ దెబ్బకు కోల యెత్తిన క్షణమున, పాపమార్గమును విడుతువో విడువవో తేల్చుకొమ్మని పైనుండి యెవరో అడిగినట్లు ఆయనకు తోచెను. కోల చేతనే నిలిచిపోయెను. ఆయన చెప్పుకొన్న పాపముల పట్టిక చూచినచో ఒట్లు పెట్టుట, బూతులాడుట, నృత్యము, సరదాకు గుడిగంట మ్రోగించుట, ఆదివారపు ఆటలు అనునవే ముఖ్యములు. ఈ లెక్కను చూచినచో మన యూర నరకము తప్పించుకొనువారు అరుదు. అయినను తన లెక్కను తాను వ్రాసికొనువాడు ఇతరుల పద్దులతో సరిచూచుకొనడు గదా.

పని వెదకుచు బెడ్‌ఫర్డ్ వీధిని పోవుచుండగా ముగ్గురు నలుగురు బీద స్త్రీలు గుమ్మమున ఎండకాగుచు దేవుని గూర్చి ముచ్చటించుకొనుట వినెను. గొప్ప సిద్ధాంతములు కావు. తమ హృదయములందు దేవుడు చేసిన పనిని సంతోషముతో చెప్పుకొనుచుండిరి. అంతవరకు తానొక భక్తుడనని యెంచుకొన్న బన్యన్‌కు ఆ సంతోషము తనకు లేదని తెలిసెను. వారి మూలముగనే ఆ పట్టణపు చిన్న సంఘమునకు కాపరియగు జాన్ గిఫర్డ్‌తో పరిచయమయ్యెను.

పిమ్మట వచ్చిన శోధన విచిత్రమైనది. క్రీస్తును అమ్మివేయుమను తలపొకటి మనస్సున ప్రవేశించెను. ఒక్కనాడు కాదు, ఇంచుమించు ఒక సంవత్సరము. భోజనమునకు కూర్చున్నను, కట్టెలు కొట్టుచున్నను, నేలబడిన గుండుసూది నెత్తుటకు వంగినను, దీనికై అమ్ముము, దానికై అమ్ముము అని అది వెంటాడుచుండెను. అమ్మనని పెదవులతో చెప్పి, చేతులతో మోచేతులతో గాలిని నెట్టుచుండెడివాడు. తుదకు ఒక ఉదయమున పడకపై నుండగా అలసిపోయి, ఆయన పోదలచినచో పోనిమ్మని మనస్సున అనుకొనెను. అంతే. చెట్టుకొమ్మపై పిట్ట తుపాకిదెబ్బకు కూలినట్లు కూలెను. ఒక పూట కూటికై జ్యేష్ఠత్వము నమ్ముకొన్న ఏశావు కథ బైబిలున కలదు. ఆ ఏశావును తానేయని రెండేండ్లకు పైగా కుమిలిపోయెను.

ఇది పిచ్చి యని కొందరందురు. నా కట్లు తోచదు. అమ్మకమునకు కొనువాడుండవలెను, వెల యుండవలెను. ఇచట రెండును లేవు. ఆ బేరము నిజముగా వచ్చినది పదియేండ్ల తరువాత, చెరసాలలో. అప్పుడు కొనువాడు కచ్చేరీ, వెల స్వేచ్ఛ. మొదటి శోధన లేకున్నచో రెండవదానిని ఆయన గుర్తుపట్టియుండడేమో.

ఒకనాడు పొలమున నడచుచుండగా, తన నీతి తన మనస్సు మంచిచెడ్డలపై ఆధారపడినది కాదనియు, క్రీస్తే తన నీతియై పరలోకమున నున్నాడనియు తెలివిడి కలిగెను. సంకెలలు రాలిపడినట్లయ్యెను. 1655 నాటికి గిఫర్డ్ మరణించెను. సంఘమువారి కోరికపై బన్యన్ బోధింప మొదలిడెను. మాట్లు వేయువాని మాటలు వినుటకు జనులు వందలుగా వచ్చిరి. 1658లో భార్య నలుగురు పిల్లలను విడిచి కన్నుమూసెను. వారిలో పెద్దదగు మేరీ పుట్టుగ్రుడ్డి. మరుసటి యేట ఎలిజబెత్ అను యువతి ఆయనను పెండ్లాడి ఆ నలుగురకు తల్లియయ్యెను.

1660లో రెండవ ఛార్లెసు రాజై తిరిగివచ్చెను. రాజ్యాంగ సమ్మతమైన దేవాలయమున గాక వేరుగా కూడి ఆరాధించుట నేరమని పాత శాసనమును మరల బయటికి తీసిరి. నవంబరు 12వ తేదీన లోయర్ సామ్సెల్ అను పల్లెయందొక రైతు యింట బన్యన్ బోధింపవలసియుండెను. పట్టుకొనుటకు ఆజ్ఞ వెడలినదని ముందుగనే తెలిసెను. పారిపోవుటకు వ్యవధి యుండెను. పెరటి చెట్లక్రింద పచారు చేయుచు ఆలోచించెను. తాను పరుగిడినచో క్రొత్తగా విశ్వాసమున చేరిన బలహీనులు భయపడుదురని యెంచి లోనికి పోయి పని ఆరంభించెను. రాజభటులు వచ్చి పట్టుకొనిరి. జనవరిలో కీలింగ్ అను న్యాయాధిపతి తీర్పు చెప్పెను: మూడు మాసములు చెర, అప్పటికిని బోధ మానకున్నచో దేశబహిష్కారము, అనుమతిలేక తిరిగివచ్చినచో ఉరి. నేడు విడిచినచో రేపు మరల బోధింతునని బన్యన్ బదులు చెప్పెను.

1661 ఏప్రిలులో న్యాయస్థానపు గుమాస్తా పాల్ కాబ్ చెరసాలకు వచ్చెను. బెదిరించుటకు గాదు, నచ్చచెప్పుటకు. సభ కూర్చుట మాత్రము మానుము, ఒక్కొక్క పొరుగువానితో ఏకాంతమున మంచిమాటలు చెప్పుకొనుటకు అడ్డెవరు అనునది ఆయన వాదము. కచ్చేరీ కాగితములతో పరిచయమున్నవారికి ఈ గొంతు తెలియును. ఇందు దుష్టత్వము లేదు. వ్యవహారము చక్కబడవలె నను కోరిక కలదు. ఒకనికి మేలు చేయుట తప్పు కానిచో ఇద్దరకు చేయుట యెట్లు తప్పగును, ఇద్దరకు తగినది నలుగురకు, ఎనమండ్రకు ఏల తగదని బన్యన్ అడిగెను. గణితమున దీనికి జవాబు లేదు. తుదకు కాబ్ మర్యాదకు వందనము చెప్పి, మనము పరలోకమున కలిసికొందుముగాక యని కోరి పంపివేసెను. కీడు చేయువానికంటె మేలు కోరి వచ్చువానిని కాదనుట కష్టము; ఆనాటి కష్టమంతయు ఆ మర్యాదలోనే యున్నది.

ఎలిజబెత్ చరిత్రము వేరుగ వ్రాయదగినది. భర్తను పట్టుకొనిన వార్త విని నెలలు నిండకయే ప్రసవవేదన పడి, ఎనిమిది దినములు బాధపడి, బిడ్డను పోగొట్టుకొనెను. అట్టి పిల్ల లండను నగరమునకు పోయి ప్రభువుల సభవారికి విన్నపమిచ్చెను. ఆగస్టులో న్యాయాధిపతులు బెడ్‌ఫర్డ్‌కు రాగా స్వాన్ అను సత్రమున పెద్దమనుష్యుల నడుమ నిలిచి మనవి చేసెను. నీ భర్త బోధ మానునా యని అడుగగా, నోట మాట యున్నంతవరకు మానజాలడని చెప్పెను. ఆ సమాధానముతో భర్త విడుదలను తన చేతులార మూసివేయుచున్నానని ఆమె యెరుగును. సర్ మాత్యూ హేల్ అను న్యాయాధిపతి జాలిపడెను గాని శాసనము దాటలేకపోయెను. ఆమె కంటనీరు పెట్టుకొనుచు బయటికి వచ్చెను. తమ కష్టమునకు గాదట, తీర్పరులకే తీర్పు జరుగు దినమున వీరు ఏమి బదులు చెప్పుదురో యని.

మూడు మాసములన్నది పండ్రెండేండ్లయ్యెను. చెరలో కంచరి పనికి వీలు లేదు. జోళ్ళు బిగించు త్రాళ్ళకు లోహపు మొనలు దొడిగి, వేలకొలది అమ్మి పిల్లలను పోషించెను. దగ్గర నున్నవి బైబిలును, ఫాక్స్ రచించిన హతసాక్షుల చరిత్రమును. శరీరకష్టము నాయన లెక్కచేయలేదు. భార్యాబిడ్డల నెడబాయుట మాత్రము ఎముకలనుండి మాంసమును ఒలిచినట్లుండెనని వ్రాసికొనెను. అందులోను గ్రుడ్డిపిల్ల మేరీ. దాని కాకలియగును, దెబ్బలు తినును, బిచ్చమెత్తును, చలికి వడకును. దానిపై గాలి సోకుటయే తాను సహింపలేని తండ్రి అది తలచి తలచి గుండె పగులునట్లు వగచెడివాడు. తన యింటిని తన చేతులతోనే ఆలుబిడ్డల నెత్తిన కూలద్రోయుచున్నాను గదా యనుకొనెడివాడు.

ఇచట శోధన పాపరూపమున రాలేదు, ధర్మరూపమున వచ్చినది. బిడ్డల పోషించుట తండ్రి ధర్మము కాదా? ఈ ప్రశ్నకు శాస్త్రము తెలిసినవారు ఇరుప్రక్కలను వాదింపవచ్చును. బన్యన్ వాదింపలేదు. బైబిలులో ఫిలిష్తీయులు దేవుని మందసమును బండిపై నుంచి, క్రొత్తగా ఈనిన రెండావులను కట్టి, దూడలను ఇంట బంధించు కథ యున్నది. ఆ యావులు అరచుచునే త్రోవ తప్పక నడచిపోయెను. ఆ రెండావులను తలచుకొని ఆయన నిలిచెను. పాడి యెరిగిన మనకు ఆ అరపు ఎట్టిదో చెప్పనక్కరలేదు. బన్యన్ చేసినది న్యాయమని నేను సులభముగ అనలేను. మేరీ పక్షమున మాటాడువారు కూడ ఉండవలెను. కాని అరవకుండ నడచెనని ఆయన ఎన్నడును చెప్పుకొనలేదు.

ఆ శతాబ్దముననే మన దేశమున కంచర్ల గోపన్న భద్రాద్రి రాముని గుడికై గోలకొండ చెరలో పండ్రెండేండ్లు మ్రగ్గెనని ప్రసిద్ధి. గోపన్న తన స్వామితో కీర్తనలలో కలహించెను. బన్యన్ చెరలో మొదటి దినములలో కలహించుటకు కూడ స్వామి దొరకలేదు. ఉరి తప్పదని నమ్మిన రోజులవి. నిచ్చెనపై మెడకు త్రాడుతో నిలిచినట్లు ఊహించుకొనెడివాడు. అప్పుడు మొగము తెల్లబడి మోకాళ్ళు వణకినచో తన మతమునకే అపకీర్తి యని కుమిలెడివాడు. ప్రార్థించెను, ఓదార్పు రాలేదు. వారములు గడచినను రాలేదు. అప్పుడాయన చేసిన నిశ్చయమే ఆయన జీవితమున కెల్ల గొప్పదని నా యభిప్రాయము. ఓదార్చుటయు ఓదార్పకుండుటయు దేవుని యిష్టము, మాట నిలుపుకొనుట తన పని. స్వర్గమైనను నరకమైనను కనులు మూసికొని నిచ్చెననుండి దూకెదననుకొనెను. యోబు ఊరకనే దేవుని సేవించునా యని సాతాను అడిగిన ప్రశ్నకు ఇది జవాబు. ఫలాపేక్ష లేని భక్తి యని మన పెద్దలు చెప్పినది ఎండకాగు స్త్రీల మాటలు విని మేలుకొన్న కంచరికి, సంతోషమంతయు ఎండిపోయిన నాడు పట్టువడినది. ఈ నిశ్చయము తరువాతనే ఓదార్పు వచ్చెను.

1666లో ఆత్మకథ ప్రకటితమయ్యెను. 1672లో తన సంఘమునకే కాపరిగా ఎన్నుకొనబడి, ఆ యేడే రాజు శాసనముల కఠినత్వమును సడలింపగా విడుదలయ్యెను. కొన్నియేండ్లకు మరల కొన్ని మాసములు చెర తప్పలేదు. యాత్రికుని ప్రయాణము 1678లో వెలువడి ఆయన బ్రదికియుండగనే పదునొకండు ముద్రణములు పొందెను. రెండవ భాగము 1684లో వచ్చెను. కీర్తి వచ్చినను బెడ్‌ఫర్డ్ విడువలేదు.

1688 ఆగస్టులో తండ్రి కోపమునకు గురియైన యొక యువకుని పక్షమున సంధి చేయుటకు గుఱ్ఱముపై రెడింగ్ పట్టణమునకు పోయి, కార్యము నెరవేర్చి, లండనునకు వచ్చుచు త్రోవలో వానకు తడిసి జ్వరము పాలయ్యెను. ఆ నెల 31వ తేదీన స్నో హిల్ వీధిలో జాన్ స్ట్రడ్విక్ అను పచారివర్తకుని యింట మరణించెను. బన్‌హిల్ ఫీల్డ్స్ అను శ్మశానమున సమాధి చేసిరి.

ఆయన విడిచిన ఆస్తికి వెలకట్టగా నలువదిరెండు పౌనుల పందొమ్మిది షిల్లింగులు తేలెను. అంతకు మూడేండ్ల ముందు, 1685 డిసెంబరులో, తనను మరల చెరపెట్టి సొత్తు జప్తు చేయుదురేమో యని శంకించి, ఉన్నదంతయు ఎలిజబెత్‌కు దానపత్రము వ్రాసి యింటి గోడలో దాచెను. దాచిన చోటు మరుపు వచ్చెనో యేమో, ఆయన మరణానంతరము ఆ పత్రము ఆమెకు చిక్కలేదు. వీలునామా లేనివాని ఆస్తివలెనే వ్యవహారము జరిగెను. పందొమ్మిదవ శతాబ్దమున ఆ యిల్లు పడగొట్టినప్పుడు అది బయటపడినది. దేశదేశముల పేరుపొందిన గ్రంథకర్త తన సంతకము చేసిన ఆ పత్రమున వృత్తి కంచరియని వ్రాసికొని యున్నాడు.