మచ్చల గింజల మెక్‌క్లింటాక్

మన బజార్లో దొరికే మొక్కజొన్న పొత్తుల గింజలు పసుపో, తెలుపో. అమెరికాలో కొన్ని రకాల పొత్తుల్లో ఊదా, ఎరుపు గింజలూ ఉంటాయి. కొన్నిటి మీదైతే ఎవరో రంగు చిలకరించినట్టు మచ్చలు. ఆ మచ్చలెలా వచ్చాయో కనుక్కున్నావిడ బార్బరా మెక్‌క్లింటాక్.

1902లో కనెక్టికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్‌లో పుట్టింది. కాలేజీ చదువు చదివితే పిల్లకి పెళ్లికాదేమోనని తల్లి బెంగ. (ఏ దేశమైనా ఈ బెంగ ఒకటేనన్నమాట!) సైన్యంలో డాక్టరుగా వెళ్లిన తండ్రి తిరిగొచ్చి కూతురి పక్షాన నిలబడ్డాక, 1919లో కార్నెల్ యూనివర్సిటీలో చేరింది. 1927కల్లా వృక్షశాస్త్రంలో డాక్టరేట్ వచ్చింది. పెళ్లి మాత్రం చేసుకోలేదు. ఎంత పేరొచ్చినా కుదురైన చోటు దొరికింది 1940ల్లోనే, న్యూయార్క్ రాష్ట్రంలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ పరిశోధనాలయంలో.

అక్కడ తనే మొక్కజొన్న వేసేది. వేరే పుప్పొడి పడకుండా పొత్తులకి సంచులు తొడిగి, కావలసిన పుప్పొడి తనే అద్దేది. గింజల్నీ, క్రోమోజోముల్నీ పోల్చి చూడగా ఆశ్చర్యమైన సంగతి బయటపడింది. క్రోమోజోములో ఒక ముక్క తన చోటు వదిలి వేరేచోటికి వెళుతోంది! అది రంగునిచ్చే జన్యువులో దూరితే రంగు ఆగిపోతుంది. గింజ పెరిగేటప్పుడు ఏదో ఒక కణంలో ఆ ముక్క లేచిపోతే, ఆ కణానికీ దాని సంతానానికీ రంగు తిరిగొస్తుంది. అదే మచ్చ. ముందుగా లేచిపోతే పెద్ద మచ్చ, ఆలస్యమైతే చిన్న చుక్క.

జన్యువులు దండకి గుచ్చిన పూసల్లా కదలకుండా ఉంటాయని నమ్మే రోజులవి. 1951లో తన పరిశోధనని సభలో వివరిస్తే చాలామందికి అర్థం కాలేదు. అప్పటికామె అనామకురాలేం కాదు, 1945లోనే అమెరికా జన్యుశాస్త్ర సంఘానికి అధ్యక్షురాలు. అయినా అంతే. కొన్నాళ్లకి పత్రికల్లో ఆ వివరాలు రాయడం దాదాపు మానేసింది, పని మానలేదు.

ఆ ముక్కలు ఒక్కోసారి ఉన్నచోటే నిద్రపోయి, కొన్ని తరాల తర్వాత మళ్లీ మేలుకోవడమూ గమనించింది. దాని కారణం 1980ల్లో తేలింది. డీఎన్ఏ మీద మిథైల్ అనే చిన్న రసాయన గుర్తు పడితే అక్షరాలు మారవుగానీ జన్యువు ఊరుకుంటుంది. వంటల పుస్తకంలో ఒక పేజీకి పిన్ను గుచ్చేసినట్టు! ఆ పేజీ చూసి రాసుకున్న చీటీలాంటిది ఆర్ఎన్ఏ. దాని మీదా మిథైల్ గుర్తులు పడతాయి. చీటీని ఎంతకాలం ఉంచాలో, ఎంత వాడాలో అవి నిర్ణయిస్తాయి. ఈ రెండు రకాల గుర్తులూ ఒకదానికొకటి సాయపడతాయని ఇటీవలి పరిశోధనలు చెబుతున్నాయి. మన డీఎన్ఏలో దాదాపు సగం ఇలా గెంతే ముక్కలూ, వాటి అవశేషాలే. వాటిని అదుపులో పెట్టేవాటిలో ఈ గుర్తులు ముఖ్యమైనవి.

1970ల్లో సూక్ష్మజీవుల్లోనూ గెంతే జన్యువులు కనబడ్డాక అందరూ ఆమె పాత వ్యాసాలు వెతుక్కున్నారు. 1983లో, ఎనభై ఒకటో ఏట, వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి ఆమెకొక్కదానికే ఇచ్చారు. ఇంట్లో ఫోను లేదు గనక ఆ కబురు రేడియోలోనే తెలిసింది. ఆ తర్వాత కూడా కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లోనే పని చేసుకుంటూ ఉండి, 1992 సెప్టెంబరు 2న కన్నుమూసింది.