బేరికాయల దొంగ, పునీత అగస్టీన్

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శి అడిగినప్పుడు, అందరిలాగే నేనూ బడి జ్ఞాపకాలు రాద్దామనే కూర్చున్నాను. హాస్టలు సాంబారు, డ్రిల్లు మాస్టారి విజిలు, కాలవలో ఈతలు. అవి మిగతావాళ్లు రాస్తారు, నాకంటే బాగా రాస్తారు. అందుకని ఒక మనిషి జీవితం రాస్తున్నాను. దాదాపు పదహారు వందల ఏళ్ల కిందట చనిపోయిన మనిషి. ఆయన కథ నాకు తెలిసింది మన బడిలోనే, నీతిబోధ పీరియడులో. ఫాదరుగారు ఏటా తపస్సుకాలంలో తప్పకుండా చెప్పేవారు. ఈస్టర్‌కు ముందు వచ్చే నలభై రోజుల ఉపవాస కాలం అది. విభూతి బుధవారంతో మొదలవుతుంది. కొన్ని క్రైస్తవ సంఘాలవారు శ్రమదినాలంటారు. మా ఇంట్లో క్రైస్తవులెవరూ లేరు. అయినా ఆ నలభై రోజులూ హాస్టల్లో ఆదివారం కోడికూర ఉండేది కాదు కనుక నాకు బాగా గుర్తు.

అగస్టీన్ 354 నవంబరు 13న ఉత్తర ఆఫ్రికాలోని తగాస్తె అనే చిన్న ఊళ్లో పుట్టాడు. ఇప్పుడు అది అల్జీరియాలోని సూక్ అహ్రాస్. అప్పట్లో రోము సామ్రాజ్యంలో ఉండేది. తండ్రి పత్రీసియస్ కొద్దిపాటి భూమి ఉన్నవాడు, ఊరి సభలో సభ్యుడు, కోపిష్టి. తల్లి మోనికా గట్టి క్రైస్తవురాలు. కుర్రవాడికి గ్రీకు భాష అంటే ఒళ్లుమంట. బెత్తం దెబ్బలు తప్పించమని దేవుణ్ణి మొక్కుకునేవాడట, ఇంట్లోవాళ్లేమో ఆ దెబ్బలు చూసి నవ్వేవారట. అరవై దాటాక కూడా మన లెక్కల మాస్టారిని కలలో చూసి ఉలిక్కిపడే మిత్రులు మన బ్యాచ్‌లో ఉన్నారు. వాళ్లకు ఈ సంగతి ఊరట కలిగించవచ్చు.

పదహారో ఏట పైచదువుకు డబ్బు చాలక ఒక ఏడాది ఇంట్లోనే ఉండిపోయాడు. ఆ ఏడే బేరికాయల దొంగతనం. వాళ్ల ద్రాక్షతోట పక్కన ఎవరిదో బేరిచెట్టు ఉంది. ఒక రాత్రి స్నేహితులతో కలిసి దాన్ని దులిపి కాయలన్నీ మోసుకుపోయాడు. ఆకలి లేదు, ఆ కాయలకు రుచీ లేదు, ఇంట్లో అంతకంటే మంచివి ఉన్నాయి. ఏవో ఒకటి రెండు కొరికి మిగతావి పందులకు పారేశారు. నలభై మూడేళ్లు దాటాక తన జీవితాన్ని ‘ఒప్పుకోలు’ అనే అర్థం వచ్చే పేరుతో పదమూడు భాగాల పుస్తకంగా రాస్తూ, ఈ కాయల మీద పేజీలకు పేజీలు ఖర్చు పెట్టాడు. అంతకంటే పెద్ద తప్పులు చేసినవాడు దీన్నే ఎందుకు పట్టుకున్నాడని చాలామంది నవ్వుతారు. ఒంటరిగా ఉంటే ఆ పని చేసేవాణ్ణి కాదని ఆయనకు తెలుసు. పక్కన నలుగురు ఉన్నారు, వద్దనడానికి సిగ్గుపడ్డాడు. అదీ ఆయన్ను తొలిచిన విషయం.

1973లో, నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, ఫాదరుగారు ఈ బేరికాయల సంగతి చెబుతుంటే మా వెనక బెంచీలో నలుగురం తలలు వంచుకున్నాం. కారణం తర్వాత చెబుతాను.

ఊళ్లోని రోమానియానస్ అనే ధనవంతుడి సాయంతో అగస్టీన్ కార్తేజీ నగరానికి వెళ్లి చదివాడు. (మన సంఘం ఉపకారవేతనాల నిధికి ఇంకా చందా ఇవ్వనివారు ఈ వాక్యం రెండోసారి చదవాలి.) అక్కడ ఒక స్త్రీతో కలిసి బతకడం మొదలుపెట్టాడు. కొడుకు పుట్టాడు, పేరు అదెయోదాతుస్, అంటే దేవుడిచ్చినవాడు. తల్లి విశ్వాసం వదిలేసి తొమ్మిదేళ్లు మానికేయులనే మతంవారి వెంట తిరిగాడు. పంతులుగా బతికాడు. కార్తేజీలో పిల్లల అల్లరి భరించలేక 383లో రోముకు వెళ్తే, అక్కడి పిల్లలు బుద్ధిమంతులే కానీ ఫీజు కట్టే సమయానికి వేరే పంతులు దగ్గరికి మారిపోయేవారు!

రోముకు వెళ్లడం దగ్గరే ఆయన చేసిన ఒక పెద్ద తప్పుంది. తల్లి వదలలేదు. రేవు దాకా వచ్చి, వెళ్తే నన్నూ తీసుకెళ్లు, లేదా నాతో ఇంటికి రా అని పట్టుకుంది. స్నేహితుణ్ణి ఓడ ఎక్కించడానికే వచ్చానని అబద్ధమాడి, దగ్గర్లోని సిప్రియన్ గుడిలో ఆమెను ఆ రాత్రి ఉండమన్నాడు. ఆమె ప్రార్థన చేసుకుంటూ ఉండగా ఓడ ఎక్కి వెళ్లిపోయాడు. తెల్లవారి ఆమె ఒడ్డున ఏడుస్తూ నిలబడింది.

ఆమె ఊరుకోలేదు, తర్వాత సముద్రం దాటి మిలాను నగరానికే వచ్చేసింది. అప్పటికి అతను అక్కడ ప్రభుత్వ ఉద్యోగంలో అలంకారశాస్త్ర పంతులు. పెద్దింటి సంబంధం కుదిరింది. దానికోసం దాదాపు పదిహేనేళ్లు తనతో కాపురం చేసిన ఆ స్త్రీని ఆఫ్రికాకు పంపేశాడు. వేరొకరితో జీవించనని ఒట్టు పెట్టుకుని, కొడుకును అతని దగ్గరే వదిలి ఆమె వెళ్లిపోయింది. తన గుండె చీలి నెత్తురు కారిందని రాసుకున్నాడు. అలా రాసినవాడు పెళ్లి దాకా ఆగలేక మరొకరిని చేరదీశాడు. అదీ ఆయనే రాశాడు. ఆమె పేరు మాత్రం ఎక్కడా రాయలేదు. పరువు కోసం దాచాడని కొందరు సర్దిచెబుతారు. నాకు సమాధానం కలగలేదు.

మిలానులో బిషప్పు అంబ్రోసు ప్రసంగాలు వింటూ మెల్లగా మారాడు. 386 వేసవిలో ఒక తోటలో, చెట్టు కింద పడి ఏడ్చిన రోజున మనసు పూర్తిగా తిరిగింది. ఆ శరదృతువులో ఉద్యోగం వదిలేశాడు. 387 తపస్సుకాలం మొదట్లో జ్ఞానస్నానానికి పేరు నమోదు చేయించుకున్నాడు. అప్పట్లో అది తంతు కాదు, శిక్షణ. ఆ నలభై రోజులూ ఉపవాసం, ప్రార్థన, బిషప్పు పాఠాలు. ఊరంతటికీ వాగ్ధాటి నేర్పిన పండితుడు మామూలు జనంతో పాటు శిష్యుడిగా కూర్చున్నాడు. పక్కన కొడుకు, పదిహేనేళ్లవాడు. ఇంకోపక్క అలీపియస్, సొంత ఊరివాడు, ఒకప్పటి విద్యార్థి, జీవితాంతం స్నేహితుడు. ఏప్రిల్ 24 రాత్రి, ఈస్టర్ జాగరణలో, ముగ్గురూ అంబ్రోసు చేతి మీదుగా జ్ఞానస్నానం పొందారు. ఎనిమిది కోణాల ఆ నీటితొట్టి అవశేషాలు మిలాను పెద్దగుడి కింద ఇప్పటికీ ఉన్నాయి. గతం గురించిన దిగులు ఆ రాత్రితో తనను విడిచిపోయిందని రాశాడు.

కొద్ది నెలలకే, ఆఫ్రికాకు తిరుగు ప్రయాణంలో, ఓస్టియా రేవులో మోనికా జబ్బుపడి చనిపోయింది. ఆమెకు 56వ ఏడు, అతనికి 33వ ఏడు నడుస్తున్నాయి. చివరి రోజుల్లో కొడుకు చేసే సేవ చూసి, నీ నోట ఎన్నడూ ఒక పరుషమైన మాట వినలేదని మెచ్చుకుందట. కార్తేజీ రేవులో మోసపోయిన తల్లి! మరిచిపోయిందా, మరిచినట్టు ఉందా? ఏ తల్లినైనా అడిగి చూడండి. ఆమె తనకు బాకీపడ్డవారిని క్షమించింది కనుక ఆమె బాకీలనూ క్షమించమని అగస్టీన్ దేవుణ్ణి వేడుకున్నాడు.

కొడుకు కూడా రెండుమూడేళ్లకే పోయాడు. 391లో ఏదో పనిమీద హిప్పో పట్టణానికి (నేటి అన్నాబా) వెళ్తే అక్కడి జనం పట్టుకుని బలవంతంగా గురువును చేశారు. ఏడ్చాడట. నాలుగైదేళ్లకు బిషప్పయ్యాడు. ఆ తర్వాత బతికినన్నాళ్లూ తపస్సుకాలంలో పీఠం మీద కూర్చుని నేర్పేది ఆయనే. ఆయన ప్రసంగాలు ఐదువందలకు పైగా మనకు మిగిలాయి, తపస్సుకాలపువీ అందులో ఉన్నాయి. మాంసం మానేసి దానికి బదులు ఖరీదైన పిండివంటలు వెతుక్కునేవారిని బాగా దెప్పాడు. ఉపవాసంతో మిగిలింది పేదవాడికి చేరాలన్నాడు. వీటన్నిటికంటే ఎక్కువగా పట్టుబట్టింది తగాదాల మీద. పాత కోపాలు మనసులో పెట్టుకుని నలభై రోజులు కడుపు మాడ్చుకుంటే ఏం లాభమని అడిగాడు. మా అప్పులు క్షమించు అని రోజూ జపంలో అడుగుతూ, మేము క్షమించినట్లు అన్న రెండో ముక్క దగ్గర ఇబ్బందిపడేవారిని ఆయన బాగా ఎరుగు. ఈ జపం బిషప్పుకూ తప్పదని, తానూ రోజూ అడగవలసినవాడినేనని చెప్పాడు.

ఒకచోట మాత్రం నేను ఆయనతో ఏకీభవించను. తప్పు చేసింది యజమాని, బాధపడింది బానిస అయితే, నోటితో క్షమాపణ అడగకపోయినా మెత్తగా పలకరిస్తే చాలన్నాడు. ఆ కాలానికి అదే ఎక్కువేమో. ముప్పై రెండేళ్లు పంతులుగా పనిచేసి, పిల్లవాడిని అన్యాయంగా కొట్టి, మర్నాడు మెత్తగా పలకరించి సరిపెట్టుకున్నవాణ్ణి నేనూ. అది చాలదు.

మాటలు సరే, చేతలు? డొనాటస్ వర్గం క్రైస్తవులతో ఆయనకు ఏళ్లతరబడి తగువు. వాళ్లను ప్రభుత్వ బలంతో దారికి తేవడం మొదట వద్దన్నాడు, తర్వాత సమర్థించాడు. ఆ మరక తుడిచేది కాదు. కానీ 411 ప్రాంతంలో ఆ వర్గంవారు కొందరు ఆయన గురువుల్లో ఒకరిని చంపి, ఇంకొకరి కన్ను పొడిచి వేలు నరికి, నేరం ఒప్పుకున్నప్పుడు, విచారణ జరిపిన అధికారి మార్సెల్లీనుస్‌కు అగస్టీన్ ఉత్తరం రాశాడు. కన్నుకు కన్ను తీయవద్దని, మరణశిక్ష వేయవద్దని, చేతులు పనికొచ్చే పనిలో పెట్టమని బతిమాలాడు. తనకు పనికిరాదని ఊరుకోలేదు, పైఅధికారికి మరో ఉత్తరం రాశాడు.

430లో వాండల్ సైన్యాలు హిప్పోను చుట్టుముట్టిన మూడో నెలలో జ్వరంతో మంచం పట్టాడు. అప్పటికి క్రైస్తవ లోకమంతా తెలిసిన పండితుడు. పశ్చాత్తాప కీర్తనలు రాయించి మంచానికి ఎదురుగా గోడకు పెట్టించుకున్నాడు. తపస్సుకాలంలో చదివేవి కూడా అవే. పది రోజులపాటు వైద్యులు, అన్నం తెచ్చేవాళ్లు తప్ప ఎవరూ రావద్దన్నాడు. పడుకుని అవి చదువుకుంటూ ఏడ్చాడు. ఆగస్టు 28న కన్నుమూశాడు. ఈ సంగతి రాసింది ఆయనతో దాదాపు నలభై ఏళ్లు స్నేహంగా ఉన్న పొసీదియస్. జ్ఞానస్నానమై నలభై మూడేళ్లయినా ఏడవవలసినవి ఏమున్నాయి? ఆఫ్రికాలోనే ఎక్కడో బతికి చనిపోయిన ఆ స్త్రీ ఆ గోడ మీద కనిపించి ఉంటుందని నా ఊహ.

ఇక వెనక బెంచీ సంగతి. ఆ ఏడు తపస్సుకాలంలో ఫాదరుగారి బంగళా వెనక మామిడిచెట్టు విరగకాసింది. నలుగురం రాత్రి దులిపాం. పచ్చికాయలు, పుల్లటివి, సగం కాలవలోకి విసిరేశాం. తెల్లవారి హాస్టల్లో పెట్టెలు వెతికితే మా తరగతివాడే, మాతో రానివాడు, అతని రేకుపెట్టెలో మూడు కాయలు దొరికాయి. మాలో ఒకడు పెట్టాడు. ముగ్గురం చూశాం, నోరు విప్పలేదు. అతన్ని హాస్టలు నుంచి పంపేశారు. రెండేళ్లు రోజూ మూడు కోసులు నడిచి బడికి వచ్చాడు. నాకు నోట్సు అడిగితే ఇచ్చేవాడు కూడా.

పన్నెండేళ్ల కిందట, మళ్లీ తపస్సుకాలంలోనే, వాళ్ల ఊరు వెళ్లాను. చెప్పడానికి గంట పట్టింది. అతను నా ఎడమ చెంప వైపు చూసి, ఆ రోజు అక్కడ మామిడి సొన పొక్కిన మచ్చ ఉందని, అప్పుడే తెలుసుకున్నానని అన్నాడు. ఫాదరుగారికి ఎందుకు చెప్పలేదని అడిగితే, చెబితే మీ నలుగురి చదువూ పోయేది కదా అన్నాడు. ఆ పూట మాంసం వండమమ్మా, ఏమీ అనుకోకు అంటూ వాళ్లావిడ గోంగూర పప్పు పెట్టింది. తిని, చేతులు కడుక్కుని వచ్చాక అతను ఒకటే అడిగాడు: పెట్టెలో కాయలు పెట్టినవాడితో మాట్లాడుతున్నావా అని.

మాట్లాడటం లేదు. బడి వదిలాక ఒక్కసారీ మాట్లాడలేదు. మిగతా ఇద్దరూ పోయారు. అంత నీచపు పని చేసినవాడని వాడి మీద అసహ్యం పెంచుకుని, నేను కేవలం ఊరుకున్నవాణ్ణని ఇన్నేళ్లు సుఖంగా బతికాను. పెట్టెకు సొంతదారు మాత్రం వాడి కూతురి పెళ్లికి వెళ్లొచ్చాడు.

స్వర్ణోత్సవానికి వాళ్లిద్దరూ వస్తున్నారని కార్యదర్శి చెప్పాడు. వాడి ఫోన్ నంబరు అడిగి తీసుకున్నాను. చీటీ మీద రాసి కళ్లజోడు పెట్టెలో పెట్టుకున్నాను. ఈ వ్యాసం ప్రెస్సుకు పంపేనాటికి ఇంకా చెయ్యలేదు.