బెడ్‌ఫర్డు బందీ

ఇంగ్లండు దేశమున లండను నగరమునకు ఉత్తరముగా సుమారు 50 మైళ్ళ దూరమున బెడ్‌ఫర్డు అను పట్టణము కలదు. గ్రేట్ ఊజ్ నది దాని నడుమనుండి మెల్లగా ప్రవహించును. 1166వ సంవత్సరమున రెండవ హెన్రీ రాజు ఆ పురవాసులకు హక్కుపత్రము నొసగెను. సెయింట్ పాల్ దేవాలయము చెంతనున్న చౌకమున తరతరములుగా సంత జరుగుచు వచ్చినది. చుట్టుపట్ల పల్లెల రైతులు తమ పంటను, పశువులను అచటికి తెచ్చి అమ్ముకొని, వలయు వస్తువులు కొనుక్కొని పోయెడివారు.

ఈ పట్టణమును చూడబోవువారు నదిపైనున్న వంతెన దాటి, పెద్దవీధి వెంట ఉత్తరముగా నడచినచో, ఒక మలుపువద్ద కాలిబాటలో పొదిగిన ఫలకమును చూతురు. పూర్వ మచట జిల్లా చెరసాల యుండెడిదని అది తెలుపును. ఇంకను కొంత దూరము పోగా పచ్చికబయలుపై ఒక కంచు విగ్రహము కానవచ్చును. 1874లో నిలిపిన ఆ విగ్రహము రాజుది కాదు, సేనానిది కాదు. ఊరూర తిరిగి చిల్లులు పడిన పాత్రలకు మాట్లు వేసి బ్రదికిన పేదవానిది. పాదముల చెంత తెగిన సంకెల యొకటి పడియుండును. ఆ పేదవాని పేరు జాన్ బన్యన్.

బన్యన్ 1628లో బెడ్‌ఫర్డునకు మైలు, మైలున్నర దూరముననున్న ఎల్‌స్టో అను పల్లెచెంత జన్మించెను. తండ్రి థామస్ పాత్రలు బాగుచేయు వృత్తివాడు. ఇంట సంపద లేదు గాని, కొడుకునకు చదువను వ్రాయను మాత్రము నేర్పించిరి. ఆ తరువాత బాలుడు తండ్రి వృత్తిలోనే ప్రవేశించెను. దాగలిని, పనిముట్లను వీపున మోసికొని ఇల్లిల్లు తిరుగుట అతని నిత్యకృత్యము. ఆ దాగలి యిప్పటికిని మిగిలియున్నది. దాని బరువు 60 పౌనులు. దానిపై అతని పేరును, ఊరి పేరును, 1647 అను సంవత్సరమును చెక్కబడియున్నవి.

అతనికి పదునాఱేండ్లు నిండకముందే, 1644లో, తల్లి మరణించెను. నెల తిరుగకుండ చెల్లెలును పోయెను. తండ్రి వెంటనే మఱియొక భార్యను తెచ్చుకొనెను. ఆ యేటనే బన్యన్ సైన్యమున చేరెను. అప్పుడు దేశమున రాజునకును పార్లమెంటునకును యుద్ధము జరుగుచుండెను. అతడు పార్లమెంటు పక్షమున సుమారు మూడేండ్లు కొలువు చేసెను. ఒకమారు ఒక కోట ముట్టడికి పోవలసియుండగా, తోడి సైనికు డొకడు అతనికి బదులుగా తాను పోయెదనని కోరి వెళ్ళెను. కావలి కాయుచుండగా ఆ సైనికునకు తలలో తుపాకిగుండు తగిలి ప్రాణము పోయెను. తాను పోవలసినచోట మఱియొకడు చచ్చెనను తలంపు బన్యన్‌ను జీవితాంతము విడువలేదు.

యుద్ధము ముగియగా అతడు ఎల్‌స్టోకు తిరిగివచ్చి వివాహము చేసికొనెను. ఆ దంపతులకు ఇంట గిన్నె గాని గరిటె గాని లేదు. భార్య పుట్టినింటినుండి తెచ్చిన సొత్తెల్ల రెండు మతగ్రంథములే. ఆమె పేరైనను నేడు తెలియదు. 1650లో వారికి మేరీ అను కుమార్తె కలిగెను. ఆ బిడ్డ పుట్టుగ్రుడ్డి.

ఆ దినములలో బన్యన్ ఆటపాటలయం దాసక్తి గలవాడు. మన బిళ్ళంగోడును బోలిన ఆటయనిన అతనికి ప్రాణము. దేవాలయపు గోపురమున గంటలు మ్రోగించుటయు అంతే ప్రీతి. కాని భార్య తెచ్చిన పుస్తకములు చదివిన పిమ్మట అతని మనస్సున పాపభీతి ప్రవేశించెను. ఆట మానెను. గంటలు మ్రోగించుటయు తప్పేమో యని దానినిగూడ విడిచెను. ఐనను వానిపై మమకారము చావక, ఇతరులు మ్రోగించుచుండగా చూచుటకు పోయెడివాడు. అచట నిలువగనే గంట తెగి తనపై పడునేమో యని భయము. దూలము క్రిందికి జరిగి నిలిచెను. గంట గోడకు తగిలి ఎగిరి వచ్చి తనను చంపునేమో యని అప్పుడు భయము. వాకిట నిలిచెను. గోపురమే కూలునేమో యని మఱియొక భయము. తుదకు అచటికి పోవుటయే మానెను. ఈ సంగతులన్నియు అతడే తరువాత తన చరిత్రలో దాపరికము లేకుండ వ్రాసికొనెను. నవ్వు పుట్టించునట్లు కనబడు ఈ భయమువలన అతడు ఏండ్ల తరబడి నిజముగనే నలిగిపోయెను.

ఒకనాడు పనికై బెడ్‌ఫర్డు వీధులలో తిరుగుచుండగా, ముగ్గురు నలుగురు పేద స్త్రీలు గుమ్మము ముందర ఎండలో కూర్చుండి దైవవిషయములు ముచ్చటించుకొనుచుండిరి. వారి మాటలలో భయము లేదు, సంతోషము కలదు. వాదించుటలో తనను మించినవాడు లేడనుకొను బన్యన్ నోరెత్తక వినుచు నిలిచెను. వారిద్వారా అతనికి జాన్ గిఫర్డు అను మతగురువుతో పరిచయ మయ్యెను. 1655లో అతడు కాపురము బెడ్‌ఫర్డునకు మార్చెను. కొలదికాలమునకే తానును ప్రసంగించుట ప్రారంభించెను. మాట్లు వేయు చేతుల మనుష్యుని మాటలు వినుటకు జనులు గుంపులుగా వచ్చెడివారు. అతని భాష వారి భాషయే, అతని కష్టములు వారి కష్టములే. 1658లో భార్య నలుగురు బిడ్డలను విడిచి మరణించెను. మరుసటి యేడు అతడు ఎలిజబెత్ అను యువతిని పెండ్లాడెను.

1660లో రెండవ చార్లెస్ రాజు సింహాసన మెక్కెను. రాజు ఆమోదించిన దేవాలయములలో తప్ప వేరుచోట్ల జనులను గూర్చి ప్రసంగించుట నేరముగా నెంచబడెను. ఆ సంవత్సరము నవంబరు 12వ తేదీన లోయర్ సామ్సెల్ అను పల్లెలో బన్యన్ ప్రసంగింపవలసియుండెను. అతనిని పట్టుటకు ఉత్తరువు వెలువడినదని అచటివారు ముందుగనే తెలిపి, సభ మానుమని బతిమాలిరి. తప్పించుకొనుటకు వ్యవధి కలదు. బన్యన్ ఒంటరిగా దాపుననున్న పొలములోనికి పోయి కొంతసేపు పచార్లు చేసెను. ఇంటివద్ద నలుగురు బిడ్డలు, అందొకతె గ్రుడ్డిది. భార్య గర్భవతి. ఐనను తాను పారిపోయినచో తన మాట నమ్మిన పేదలు ఇక దేనిని నమ్ముదురని అతనికి తోచెను. తిరిగివచ్చి ప్రసంగ మారంభించెను. భటులు వచ్చి పట్టుకొనిరి.

ఈ వార్త విని ఎలిజబెత్ నెలలు నిండకయే ప్రసవవేదన పడెను. పుట్టిన శిశువు బ్రదుకలేదు.

1661 జనవరిలో విచారణ జరిగెను. మూడు మాసములు చెరలో నుండవలెనని, అప్పటికిని ప్రసంగించుట మాననిచో దేశమునుండి వెడలగొట్టుదురని, అనుమతి లేక తిరిగివచ్చినచో ఉరితీయుదురని న్యాయాధిపతులు తీర్పు చెప్పిరి. ఇకమీదట ప్రసంగింపనని ఒక్క మాట యిచ్చిన చాలు, ఇంటికి పోవచ్చును. తనను నేడు విడిచినను రేపు మరల ప్రసంగింతునని బన్యన్ స్పష్టముగా తెలిపెను.

ఇక ఎలిజబెత్ చేసిన సాహసమును చెప్పవలెను. సవతిబిడ్డలను సాకుచున్న ఆ పడుచు లండను నగరమునకు పోయి ప్రభువుల సభలో నొకరిని ఆశ్రయించెను. న్యాయాధిపతులనే అడుగుమని వారు పంపివేసిరి. ఆగస్టు మాసమున న్యాయాధిపతులు బెడ్‌ఫర్డునకు వచ్చినపుడు ఆమె విన్నపపత్రము పట్టుకొని వారివెంట తిరిగెను. ఒకరి బండిలోనికి పత్రమును విసరివేసెను. తుదకు వంతెనచెంతనున్న స్వాన్ అను సత్రములో, పెద్దలెల్ల కొలువుదీరియుండగా, వారియెదుట నిలిచెను. భర్తను న్యాయముగా విచారింపలేదని, తమకు ధర్మాత్ముల దయ తప్ప వేరు జీవనాధారము లేదని వణకుచునే విన్నవించుకొనెను. కొందరు కసరిరి. మాథ్యూ హేల్ అను న్యాయాధిపతి మాత్రము జాలిపడి, చట్టమున మిగిలిన మార్గములు తెలిపెను. అతడు చేయగలిగిన దంతకుమించి లేకపోయెను. ఆమె కన్నీళ్ళతో వెడలిపోయెను.

మూడు మాసముల శిక్ష పండ్రెండేండ్ల చెర యయ్యెను. జిల్లా చెరసాల ఇరుకైనది, చలికాలమున మంచుగడ్డ వంటిది. అందు దాగలికి, కొలిమికి తావు లేదు. భార్యాబిడ్డల పోషణకై అతడు క్రొత్తపని నేర్చెను. నాడాల కొసలకు రేకు తొడుగులు బిగించి, గుత్తలు గుత్తలుగా అమ్మకమునకు పంపెడివాడు. పగలు నాడాలు, తీరికవేళ చదువు, వ్రాత. అతనికి దొరకిన గ్రంథములు ముఖ్యముగా రెండే: బైబిలును, మతముకొరకు ప్రాణములర్పించినవారి చరిత్రయును. కొన్నాళ్ళు దయగల కావలివాడొకడు అతనిని రహస్యముగా బయటికి పోయి రానిచ్చెను. అది పై యధికారులకు తెలిసి ఆ సౌకర్యము నిలిచిపోయెను. 1666లో అతని ఆత్మచరిత్ర ప్రకటింపబడెను. గ్రుడ్డిపిల్ల మేరీని తలచుకొనినపుడు ఎముకలనుండి మాంసము నూడదీసినంత బాధ కలుగునని అతడందు తెలిపెను. తన యిల్లు భార్యాబిడ్డల నెత్తిపై తానే కూల్చుచున్నట్లు అతనికి తోచెడిది. తండ్రి చెరలోనుండగనే మేరీ మరణించెను. ఆ వార్త విన్ననాడైనను అతడు విడుదలకు వలసిన ఆ యొక్క మాట ఈయలేదు. అతడు చేసినది ఒప్పా, బిడ్డల యెడ కాఠిన్యమా యని నేటికిని చదువరులు తర్కించుకొందురు. ఆ ప్రశ్న అతనినిగూడ వేధించెనని అతని వ్రాతలే తెలుపుచున్నవి.

1672లో రాజు కట్టుబాట్లు సడలించుటతో బన్యన్ విడుదల పొంది, బెడ్‌ఫర్డు సంఘమునకు గురువయ్యెను. వారి దేవాలయ మొక పాత ధాన్యపుకొట్టము. నాలుగేండ్ల తరువాత మరల కొలదిమాసములు చెరసాలకు పోవలసివచ్చెను. 1678లో ప్రకటితమైన యాత్రికుని ప్రయాణము అను కథలో ఎక్కువభాగము చెరలోనే వ్రాసెనని చెప్పుదురు. వీపున బరువు మోయుచు ఒక మనుష్యుడు నాశనపురమును విడిచి దివ్యనగరమునకు నడచిపోవుటయే అందలి కథ. దాగలి మోసినవానికి వీపుబరువు సంగతి ఒకరు చెప్పవలెనా! త్రోవలోని అడుసు, ఎక్కరాని కొండ, దాటరాని నది, ఇవన్నియు అతడు పనిముట్లతో తిరిగిన బెడ్‌ఫర్డు సీమలోనివే. మాయాసంత వర్ణనకు ఎల్‌స్టో పచ్చికబయట ఏటేట జరిగిన జాతరయే మూలమని కొందరి యూహ.

పుస్తకము వెల ఒక షిల్లింగు, ఆరు పెన్నీలు. విద్వాంసులు మొదట దానిని లక్ష్యపెట్టలేదు. రైతులు, నేతగాండ్రు, పనికత్తెలు కొని చదివిరి. బన్యన్ బ్రదికియుండగనే అది పదిమారులకు పైగా అచ్చయ్యెను. నేటికి తెలుగుతో సహా 200 భాషలకు పైగా అనువాదములు వెలువడినవి. పేరు వచ్చినను అతడు బెడ్‌ఫర్డు విడువలేదు. 1688లో ఒక తండ్రికిని కుమారునికిని పొరపొచ్చెము తీర్చుటకై రెడింగు పట్టణమునకు పోయి, వారిని కలిపి, గుఱ్ఱముపై లండనునకు తిరిగి వచ్చుచు వానలో తడిసెను. జ్వరము తగిలి ఆగస్టు 31వ తేదీన మరణించెను. అప్పటికి అతనికి అరువదేండ్లును నిండలేదు.

మరుసటి యేటనే సముద్రమునుండి సరకుల పడవలు బెడ్‌ఫర్డు వరకు వచ్చుటకు నదీమార్గము ఏర్పడెను. చెరసాలను 1801లో పడగొట్టిరి. ధాన్యపుకొట్టమున్న చోట పెద్ద ప్రార్థనామందిరము వెలసెను. దాని ప్రక్కనున్న ప్రదర్శనశాలలో బన్యన్ దాగలి యున్నది, అతడు ఇనుముతో చేసికొనిన వాయులీన మున్నది. మట్టికూజా యొకటి కూడ అచట భద్రముగా నున్నది. గ్రుడ్డిపిల్ల మేరీ తండ్రికి సాయంకాలపు ఆహారమును అందులోనే పోసికొని, వీధి తడవుకొనుచు చెరసాలకు తీసికొనిపోయెడిదని ఆ ఊరివారు చెప్పుదురు.