జాన్ కర్వెన్

జాన్ కర్వెన్ 1816వ సంవత్సరమున ఇంగ్లండునందలి యార్క్‌షైరులో జన్మించి, తండ్రివలెనే సంఘకాపరియయ్యెను. పిల్లలకు బోధించుటయందు ఆయనకు మిక్కిలి ప్రీతి. కాని స్వరలిపిని చూచి పాడుట మాత్రము ఆయనకు చేతకాకుండెను. 1841లో హల్ నగరమున కూడిన సండేస్కూలు ఉపాధ్యాయులు, పిల్లలకు సంగీతము నేర్పు సులభమార్గమును వెదకుమని ఈయనకే అప్పగించిరి! ఇది వింతగా తోచవచ్చును. అయినను నేర్చుకొనువాని కష్టము ఆయనకు స్వయముగా తెలియును గదా.

నార్విచ్ పట్టణమున పిల్లలకు సంగీతము నేర్పుచుండిన సారా గ్లోవర్ అను నామె 1835లో ప్రకటించిన గ్రంథము ఆయనకు త్రోవ చూపెను. అయిదు గీతలపై గుర్తులకు మారుగా ఆమె అక్షరములను వాడెను. ఏ శ్రుతినైనను ‘డో’గా నిలిపి, తక్కిన స్వరములను దానినిబట్టి పాడవలెను. షడ్జమును తమ గొంతునకు తగినచోట నిలుపుకొని సరిగమలు పాడు మన పిల్లలకు ఇది క్రొత్తగా తోచదు. ఈ పద్ధతిచే కర్వెన్ స్వల్పకాలములోనే తానును చదివి పాడ నేర్చెను.

పిమ్మట ఆయన దానిని కొంత మార్చి ప్రచారము చేసెను. ఆ మార్పులన్నియు గ్లోవరునకు నచ్చలేదు. మూలము ఆమెదేయని ఆయన ఒప్పుకొనుచునే యుండెను. లోకము మాత్రము ఆయన పేరునే తలచుచున్నది. ఇది న్యాయమని నాకు తోచదు.

1864లో కాపరిపనిని విడిచి, ఆయన తన కాలమంతయు దీనికే వినియోగించెను. స్వరమునకొక హస్తసంజ్ఞను చేర్చెను: ‘డో’కు బిగించిన పిడికిలి, ‘టీ’కి పైకి చూపు వ్రేలు. 1880లో మాంచెస్టరునందు మరణించెను. మిషనరీలు ఈ లిపిని మడగాస్కరునకును దక్షిణాఫ్రికాకును కొనిపోయిరి. దక్షిణాఫ్రికా గాయకబృందములు అనేకము నేటికిని దీనిని చూచియే పాడుచున్నవి.