గుప్పెడు బియ్యం నేర్పిన బిషప్

బారువ తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు ఇంజన్ పడవలకు వేట నిషేధం. సముద్రంలో చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఆ నిషేధం అవసరమే. కానీ ఆ రెండు నెలలూ ఇంట్లో పొయ్యి వెలగక తప్పదు, పిల్లల బడి ఫీజులు ఆగవు, ముసలివాళ్ల మందులు ఆగవు. అప్పుడే చాలా కుటుంబాలు వడ్డీ వ్యాపారి గుమ్మం తొక్కుతాయి. నూటికి ఐదు రూపాయల వడ్డీకి 10 వేలు తెచ్చామనుకోండి, నెలకు 500 కట్టాలి. ఏడాది తిరిగేసరికి 6 వేలు కట్టి ఉంటాం, అసలు 10 వేలు మాత్రం కదలకుండా అలాగే కూర్చుని ఉంటుంది!

పొదుపు చేయండని నెల జీతగాళ్లకు చెప్పడం తేలిక. ఒకరోజు వల నిండి, నాలుగు రోజులు ఖాళీగా వచ్చే ఇంటికి ఎలా చెప్పాలి? ఈ ప్రశ్నకు వందేళ్ల కిందటే, మనకంటే ఎంతో పేదలైన తెలుగు విశ్వాసుల మధ్య జవాబు వెదికిన దైవజనుడు ఒకరున్నారు. ఆయనే దోర్నకల్ బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య.

ఆయన తెలుగువాడు కాదు. 1874 ఆగస్టు 17న తమిళనాడులోని తిరునల్వేలి ప్రాంతంలో వెల్లాలన్‌విలై అనే పల్లెలో పుట్టారు. తండ్రి గ్రామ సంఘ కాపరి. ఆయన చిన్నతనంలోనే తండ్రి చనిపోతే తల్లి ఎలెన్ కట్టుదిట్టంగా పెంచింది. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివారు కానీ డిగ్రీ చేతికి రాలేదు. 1895లో వై.ఎం.సి.ఎ.లో చేరి దక్షిణ భారతమంతా తిరిగి యువకుల మధ్య పరిచర్య చేశారు. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను వివాహమాడారు. ఆమె ఆ రోజుల్లోనే కాలేజీ గడప తొక్కిన యువతి. ఆ పెళ్లికి కట్నం లేదు, ఆర్భాటం లేదు. పెళ్లి ఒక్కరోజు, దాని అప్పు పదేళ్లు అన్న లెక్క మన ఇళ్లకు కొత్తేమీ కాదు. ఆ యువ జంట ఆ లెక్కలో పడకుండానే కాపురం మొదలుపెట్టింది. తర్వాత కాలంలో పొదుపు గురించి బోధించే హక్కు ఆయనకు ఆ రోజే వచ్చిందని నాకనిపిస్తుంది.

1902లో అజరయ్య శ్రీలంకలోని జాఫ్నాకు వెళ్లారు. అక్కడి చిన్న తమిళ సంఘం తన సొంత డబ్బుతో ఇండియాకు మిషనరీని పంపుతోందని తెలిసి కదిలిపోయారు. అంతకంటే ఎంతో పెద్దదైన తిరునల్వేలి సంఘం మాత్రం ఇంకా విదేశీ సొమ్ము వైపే చూస్తోంది! తిరిగి వచ్చాక 1903 ఫిబ్రవరిలో తన స్నేహితులతో కలసి తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించారు. డబ్బు మనది, మనుషులు మనవాళ్లు, నిర్వహణ మనదే అన్నది దాని నియమం. ఆ సంస్థ ఎంచుకున్న పొలమే నిజాం రాజ్యంలోని దోర్నకల్. ఇప్పుడది తెలంగాణలోని మహబూబాబాద్ జిల్లాలో ఉంది.

1909లో వై.ఎం.సి.ఎ. ఉద్యోగం వదిలి, అభిషేకం పొంది, తానే మిషనరీగా దోర్నకల్ వచ్చారు. భాష రాదు, మొదట్లో గుడారంలోనే కాపురం. ముప్పై అయిదేళ్ల వయసులో అ ఆల నుంచి తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో బిషప్‌గా ప్రతిష్ఠితులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడు బిషప్ కావడం అదే మొదటిసారి. బిషప్ అయ్యాక కూడా ఆయన ప్రయాణం ఎక్కువగా ఎద్దుల బండి మీద, సైకిలు మీదే సాగింది.

ఆ పల్లెల్లో ఆయనకు ఎదురైన విశ్వాసుల్లో అధికులు మాల, మాదిగ కూలీలు. చేతికి రూపాయి రావడమే అరుదు, కూలి గింజల్లోనే. పెళ్లికో చావుకో దొర దగ్గర కొద్దిపాటి అప్పు తీసుకుంటే దానికి బదులు ఏళ్ల తరబడి ఆయన చేలో పని చేయాలి. తెలంగాణలో దాన్ని భగేలా అనేవారు. అప్పు అంటే అక్కడ లెక్కల పుస్తకంలో అంకె కాదు, మనిషి మెడకు పడిన పలుపుతాడు. అందుకే అజరయ్య తన ప్రజలను పట్టి పీడించే దయ్యాలు నాలుగని చెప్పేవారు: మురికి, రోగం, అప్పు, తాగుడు. బిషప్ గారి నోట పాపం గురించి, పరలోకం గురించి వినాలని వచ్చినవాళ్లకు అప్పు పేరు వినిపించడం వింతగానే ఉండి ఉంటుంది. కానీ ఆ నాలుగూ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని ఇంట్లోకి వస్తాయి. తాగుడు జబ్బును తెస్తుంది, జబ్బు అప్పును తెస్తుంది, అప్పు దిగులును తెస్తుంది, దిగులు మళ్లీ తాగుడు దగ్గరికే తీసుకెళ్తుంది. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో ఒక్క మనిషి మంచాన పడితే ఆ ఇల్లు ఎంతెంత అప్పులోకి జారుతుందో చూసినవాళ్లకు ఈ వరుస వివరించనక్కరలేదు.

మరి ఆయన చెప్పిన మందు ఏమిటి? ఆశ్చర్యంగా, ఇవ్వడం! ఏమీ లేనివాళ్లను ఇవ్వమనడం క్రూరత్వమని కొందరికి తోచవచ్చు. అజరయ్య ఆలోచన వేరు. ఎప్పుడూ చెయ్యి చాచి పుచ్చుకునే సంఘం ఎన్నటికీ నిటారుగా నిలబడలేదని ఆయన నమ్మారు. రెండు కాసులు వేసిన విధవరాలిని ప్రభువు వారించలేదు, పేదరికంలోనే మాసిదోనియ సంఘాలు ఔదార్యం చూపాయి. కాబట్టి పేదవాడికి ఇచ్చే గౌరవాన్ని నిరాకరించకూడదు. అయితే ఎలా ఇవ్వాలి? చేతిలో రూపాయి లేదు, గింజలున్నాయి. పూటకు వండే బియ్యంలోంచి ఒక గుప్పెడు, ఎసట్లో పోయకముందే, ఇల్లాలు వేరుగా తీసి దేవుని కోసం దాచాలి. దోర్నకల్ అధ్యక్ష మండలంలో స్త్రీలు ఈ అలవాటును ఇంటింటా పాటించారు. కోతల పండుగకు ధాన్యం, కోళ్లు, గుమ్మడికాయలు, మేకలు దేవాలయానికి వచ్చేవి. మరియమ్మాళ్ గారు భర్తతో పాటు పల్లెలు తిరిగి స్త్రీలకు బోధించేవారు. మన ఈశాన్యంలో మిజో సంఘాల స్త్రీలు కూడా 1910 నుంచి ఇదే విధంగా గుప్పెడు బియ్యం తీస్తున్నారు. దాని మీద వాళ్లు వందలాది పరిచారకులను పోషిస్తున్నారు.

ఇందులోని కిటుకు ఎసట్లో పోయకముందే అన్న మాటలో ఉంది. మనలో ఎక్కువమంది ఖర్చు పోగా మిగిలితే దాచుదామనుకుంటాం. మిగలదు. ఎంత వచ్చినా మిగలదు. ముందు తీసి పక్కన పెట్టి, ఉన్నదానితో వండితే ఆ పూట ఎవరూ పస్తుండరు, తీసిన గుప్పెడు తెలియను కూడా తెలియదు. ఒక గుప్పెడు సుమారు 50 గ్రాములు అనుకుంటే, రెండు పూటలకు 100 గ్రాములు, నెలకు 3 కిలోలు, ఏడాదికి 36 కిలోలు. ఈ చెయ్యి అలవాటయిన ఇల్లాలు సంఘానికి ఒక కుండ పెట్టినట్టే ఇంటికీ ఇంకో కుండ పెట్టుకోవచ్చు. వేటకు వెళ్లి వచ్చిన ప్రతిరోజూ, చేపలు అమ్మిన డబ్బు చేతికి రాగానే, కూరగాయల బుట్ట తీయకముందే 20 రూపాయలు వేరే డబ్బాలో వేస్తే, ఏడాదిలో 200 రోజుల వేటకు 4 వేలు. నిషేధం రోజులన్నిటికీ అది సరిపోదు, నిజమే. కానీ 10 వేలు అప్పు తేవలసిన చోట 6 వేలతో సరిపెట్టుకోవచ్చు. ఆ 6 వేలైనా ఐదు రూపాయల వడ్డీకి కాక, డ్వాక్రా సంఘంలో తక్కువ వడ్డీకి దొరుకుతాయేమో ముందు అడగాలి. ఇప్పటికే రెండు మూడు అప్పులున్న ఇల్లు, వడ్డీ ఎక్కువున్నదాన్ని మొదట తీర్చాలి, పెద్ద మొత్తాన్ని కాదు.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. వడ్డీకి తెచ్చి కానుక వేస్తే దేవుడు రెట్టింపు ఇస్తాడని చెప్పే ప్రసంగీకులు ఈ మధ్య మన తీరంలోనూ వినిపిస్తున్నారు. అజరయ్య సంఘాల్లో స్త్రీలు తీసిన గుప్పెడు తమ కుండలోది, పక్కింటి కుండలోది కాదు. కాపరులైనా ఈ తేడా విశ్వాసులకు చెప్పాలి. గృహప్రవేశ కూడికకు అప్పు చేసి బిర్యానీ పెట్టిన ఇంటికి మరుసటి వారం పరామర్శకు వెళ్లవలసింది ఆ కాపరే కదా!

2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు వేళ్లతో లేచిపోయాయి. మళ్లీ నాటిన దేశవాళీ కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. తోటే మన బ్యాంకు అనుకున్న కుటుంబాలకు ఒక్క రాత్రిలో ఆ బ్యాంకు మూతపడింది. అప్పుడు కొందరు పిల్లలను చదువు మాన్పించి పనులకు పంపారు, కొందరు గుజరాత్ వీరావల్ దాకా వలస వెళ్లారు. చిన్న డబ్బా ఒకటి ఇంట్లో ఉన్నంత మాత్రాన ఇదంతా తప్పేదని చెప్పడం లేదు. మొదటి నెల గడవడానికి మాత్రం అది ఆధారమయ్యేది.

దోర్నకల్‌లో కూడా ఏదీ ఒక్కరోజులో జరగలేదు. గుడి గోపురాల తీరునూ మసీదు శిల్పాన్నీ కలుపుకొని కట్టిన ఎపిఫనీ కెథడ్రల్‌కు ఎన్నో ఏళ్లు పట్టింది. 1939 జనవరి 6న దాన్ని ప్రతిష్ఠించారు. 1941 నాటికి ఆ మండలంలో విశ్వాసులు 2 లక్షలు దాటారు. కానుకల గురించి అజరయ్య తన పరిచారకుల కోసం రాసిన చిన్న పుస్తకం, ఆయన పోయాక 1950లలో విదేశాల్లోనూ అచ్చయింది.

1945 జనవరి 1న ఆయన దోర్నకల్‌లోనే ప్రభువునందు నిద్రించారు. తాను ఎంతో కోరుకున్న దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబర్ 27న ఏర్పడింది. దాన్ని చూసే భాగ్యం ఆయనకు దక్కలేదు.