రక్త క్యాన్సర్‌పై తొలి గెలుపు వెనుక ఎల్లాప్రగడ

1947 సంవత్సరం చివరి రోజులు. అమెరికాలోని బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో ల్యుకేమియాతో మంచం పట్టిన చిన్నారులకు సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు ఒక కొత్త మందు ఇవ్వడం ప్రారంభించారు. ఆ రోజుల్లో తీవ్రమైన ల్యుకేమియా అని తేలితే, ఆ బిడ్డకు ఇక కొన్ని వారాలో నెలలో మాత్రమే మిగిలి ఉన్నట్లు లెక్క. అమినోప్టెరిన్ అనే ఆ మందు న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలల నుంచి వచ్చింది. అక్కడ పరిశోధనలకు సారథి పశ్చిమ గోదావరి సీమకు చెందిన ఎల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో ఆయన జన్మించారు. బాల్యం పేదరికంలోనే గడిచింది. మెట్రిక్యులేషన్ పరీక్ష మూడో ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో చదువుతున్నప్పుడు గాంధీజీ పిలుపునందుకొని ఖద్దరు దుస్తులతో శస్త్రచికిత్స తరగతికి వెళ్లారు. అది ఆంగ్లేయ ఆచార్యుడికి రుచించలేదు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్.కు బదులు అంతకంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతోనే ఆయన సరిపెట్టుకోవలసి వచ్చింది. కొంతకాలం మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో బోధించారు.

ఆ కుటుంబాన్ని స్ప్రూ అనే పేగుల వ్యాధి కుదిపివేసింది. తిన్నది ఒంటికి పట్టక, రక్తం క్షీణించి ఆయన సోదరులిద్దరు కొద్ది రోజుల తేడాతో కన్నుమూశారు. వారిని కాపాడుకోలేకపోయిన ఆ దుఃఖం ఆయనను పరిశోధన వైపు నడిపించింది. మామగారి ఆర్థిక సహాయంతో 1923లో బోస్టన్ చేరుకున్నారు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల వైద్యం అభ్యసిస్తూ, పొట్ట గడవడానికి రాత్రివేళ ఆసుపత్రిలో చిన్న కొలువు చేశారు.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి శరీర ద్రవాల్లోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించారు. ఆ ఇద్దరి పేర్లతోనే అది నేటికీ జీవరసాయన శాస్త్ర పాఠ్యపుస్తకాల్లో కనిపిస్తుంది. కండరాల్లోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఆ తరువాత ఏటీపీని వారు గుర్తించారు. కండరం కదలాలన్నా, కణం తనకు కావలసిన ప్రోటీన్లను తయారు చేసుకోవాలన్నా శక్తిని అందించేది ఏటీపీయే. ఇంత చేసినా విశ్వవిద్యాలయంలో శాశ్వత పదవి దక్కలేదు. 1940లో ఆయన లెడర్లీలో చేరారు.

అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. స్ప్రూ రోగుల రక్తహీనతకు అది మందయింది. సోదరులను బలిగొన్న వ్యాధికి విరుగుడు దొరికింది. కాని అప్పటికి వారు పోయి చాలా ఏళ్లు గడిచాయి.

ఆ విటమినే మరో దారి చూపింది. ఫోలిక్ ఆమ్ల సమ్మేళనాలు ఇచ్చిన ల్యుకేమియా పిల్లల్లో వ్యాధి మరింత వేగంగా ముదరడం ఫార్బర్ గమనించారు. క్యాన్సర్ కణాలను పెంచి పోషిస్తున్నది ఈ ఆహారమే అయితే, దానిని అందకుండా చేయాలన్న ఆలోచన అందులోంచి పుట్టింది. ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉంటూనే దాని పనిని అడ్డుకునే పదార్థాలను సుబ్బారావు బృందం సిద్ధం చేసింది. ఇవి ఒక కీలకమైన ఎంజైమును పట్టి బంధిస్తాయి. దానితో డీఎన్ఏకు కావలసిన ముడిసరుకు కొరవడుతుంది. ప్రోటీన్లకు అవసరమైన కొన్ని అమైనో ఆమ్లాల తయారీ కూడా కుంటుపడుతుంది. వేగంగా విభజన చెందే ల్యుకేమియా కణాలకే ఈ దెబ్బ ఎక్కువగా తగులుతుంది.

1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలను ప్రకటించారు. మందు తీసుకున్న 16 మంది పిల్లల్లో 10 మందికి వ్యాధి తగ్గుముఖం పట్టింది. ఆ ఊరట తాత్కాలికమే. అయినా ల్యుకేమియాను మందుతో వెనక్కి నెట్టవచ్చునని వైద్య ప్రపంచానికి తెలియవచ్చింది. వ్యాధి తిరగబెట్టడానికి గల కారణాల్లో ఒకటి తరువాతి పరిశోధనల్లో బయటపడింది. కొన్ని కణాలు ఆ ఎంజైమును మరింత ఎక్కువగా తయారు చేసుకొని మందుకు లొంగకుండా పోతాయి. అందుకే నేడు ఒకే మందుపై ఆధారపడకుండా పలు మందులను కలిపి చికిత్స చేస్తున్నారు. ఈ విధానం వల్ల పిల్లల్లో వచ్చే లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా అత్యధికుల్లో నయమవుతోంది. ఆ చికిత్సలో అమినోప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌కు నేటికీ ముఖ్య స్థానముంది. కీళ్లవాతానికి, సొరియాసిస్‌కు కూడా వైద్యులు దానినే వాడుతున్నారు. బోదకాలు నివారణకు మన పల్లెల్లో పంచుతున్న డీఈసీ మాత్ర సైతం ఆయన నాయకత్వంలోని ప్రయోగశాల అందించినదే.

ఆ విజయం ఎంత దూరం వెళుతుందో చూసే అవకాశం సుబ్బారావుకు లభించలేదు. ఫార్బర్ ప్రకటన వెలువడిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో గుండెపోటుతో నిద్రలోనే కన్నుమూశారు. పాతికేళ్లు అమెరికాలో ఉన్నా ఆ దేశ పౌరసత్వం తీసుకోలేదు. స్వదేశానికి మాత్రం తిరిగి రాలేకపోయారు. భార్య శేషగిరి ఆయనను మళ్లీ చూడనేలేదు. శత జయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం ఆయన స్మారక తపాలా బిళ్లను విడుదల చేసింది. తన పరిశోధనలకు ప్రచారం కోరుకోని ఆ శాస్త్రవేత్త పేరు తెలియకుండానే, ఆయన అందించిన మందులతో రోగులు నేటికీ కోలుకుంటున్నారు.